గొలుసు ఎంత పొడుగుండాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో రెండు నన్ను చాలాసేపు ఆలోచనలో పడేశాయి. ఈ శీర్షికకి మామూలుగా వచ్చేవి ఆవకాయ బూజు పట్టిందనీ, అమ్మాయి చదువు మానేస్తానంటోందనీ, అత్తగారితో పొసగడం లేదనీ. ఈ రెండూ అలాంటివి కావు. నోరులేని జీవాల తరఫున మనుషులు రాసిన ఉత్తరాలు.

మొదటిది రాజమండ్రి నుంచి ఒక సోదరి రాశారు. “మావారికి హైదరాబాదు బదిలీ అయింది. అక్కడ మూడో అంతస్తులో ఫ్లాటు దొరికింది. ఆ అపార్టుమెంటు సంఘంవారు కుక్కల్ని రానివ్వమంటున్నారు. మా టామీకి ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళూ పెరట్లో జామచెట్టుకి కట్టేసి వుండేది. ఊరి చివర హోటళ్ళ దగ్గర వదిలేస్తే ఎంగిలాకులు తిని బతికిపోతుందని మా మరిది అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇది పాపమంటారా?”

రెండోది సికింద్రాబాదు నుంచి ఒక పెద్దాయన రాశారు. “మా మనవణ్ణి పెళ్ళిలో గుర్రంమీద ఊరేగించారు. జరీగుడ్డ కప్పిన ఆ గుర్రానికి నోటి మూలల నుంచి నెత్తురు వస్తోంది. గుడ్డ కాస్త ఎత్తి చూస్తే జీను కింద పుండు. పిల్లలతో చెబితే, శుభమా అని పెళ్ళవుతూంటే ఈ గొడవంతా ఎందుకు తాతయ్యా అన్నారు. ఇటువంటి వాటికి చట్టమంటూ ఏదీ లేదా అమ్మా?”

పాపమా కాదా అని తేల్చడం నా వల్ల కాదు. ఆ మాట పురాణం చెప్పే శాస్త్రులుగారిని అడగాలి. నేరమా అని అడిగితే మాత్రం జవాబు తేలికే. పెంచిన కుక్కని ఆకలికి వదిలెయ్యడమూ నేరమే, పుండు పడ్డ గుర్రం చేత పని చేయించడమూ నేరమే. అందుకో చట్టం వుంది. పేరు కాస్త పొడుగు: జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం. 1960లో వచ్చింది.

ఆ చట్టం వెనక వున్నది ఒక స్త్రీ అని మన పాఠకురాళ్ళలో ఎందరికి తెలుసో! భరతనాట్యానికి గౌరవస్థానం తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్‌గారే. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవిగారిని అందరూ ఎరుగుదురు. 1952లో ఆవిడను రాజ్యసభకు నామినేట్ చేశారు. నాట్యకళాకారిణి కాబట్టి కళల గురించి మాట్లాడుతుందని అందరూ అనుకుని వుంటారు. ఆవిడ 1953లో జంతువుల కోసం సొంతంగా ఒక బిల్లు ప్రవేశపెట్టింది. ప్రభుత్వమే ఒక సంఘాన్ని వేసి పరిశీలించి, సమగ్రమైన చట్టం తెస్తుందని ప్రధాని నెహ్రూగారు మాట యివ్వగా, 1954లో బిల్లు వెనక్కి తీసుకుంది. ఆ మాట ఫలించడానికి మరో ఆరేళ్ళు పట్టింది. 1962లో జంతు సంక్షేమ బోర్డును మద్రాసులో నెలకొల్పినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

అంతకుముందు చట్టం లేదా అంటే, వుంది. 1890లో ఇంగ్లీషువారి హయాంలో ఒకటి చేశారు. అది మొదట రాసినప్పుడు వీధిలోనో, నలుగురూ తిరిగే చోటో, నలుగురి కళ్ళబడేలాగానో జరిగే హింసనే పట్టించుకుంది. ప్రహరీగోడ లోపల పెరట్లో ఏం జరిగినా దానికి అక్కర్లేకపోయింది. 1960 చట్టంలో ఆ అడ్డుగోడ లేదు. మూడో సెక్షను జంతువు ఎవరి సంరక్షణలో వుందో వారిమీదే బాధ్యత పెట్టింది. దాని బాగోగులు చూడడానికీ, అనవసరమైన నొప్పీ బాధా కలగకుండా ఆపడానికీ తగిన చర్యలన్నీ తీసుకోవడం వారి విధి. అంటే ఈ చట్టం మన వీధి తలుపు దాటి పెరట్లో జామచెట్టు దాకా వచ్చిందన్నమాట.

ఇంగ్లండులో కూడా ఈ వ్యవహారం ఒక్కసారిగా జరగలేదు. 1822లో రిచర్డ్ మార్టిన్ అనే ఐరిష్ సభ్యుడు పట్టుబట్టి పార్లమెంటులో ఒక చట్టం చేయించాడు. దాంట్లో గుర్రాలూ, గాడిదలూ, ఆవులూ, గొర్రెలూ వున్నాయి, కుక్క లేదు. డబ్బు తెచ్చిపెట్టే జంతువుకి ముందు రక్షణ దొరికింది. ఊరికే తోక ఆడిస్తూ గుమ్మంలో పడుకునే దానికి 1835 దాకా ఆగవలసి వచ్చింది. మన దేశంలో 1861లో కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ జీవహింస నివారణ సంఘం స్థాపించాడు.

ఇక మన టామీ సంగతికి వద్దాం. క్రూరత్వం అనగానే మనకి కర్రా, కొరడా గుర్తొస్తాయి. “మేమా, కుక్కని కొట్టడమా! బిడ్డలాగా చూసుకుంటాం” అంటారు అందరూ. 1960 చట్టంలో పదకొండో సెక్షను తీసి చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కొట్టడం, తన్నడం మొదటి వాక్యంలోనే అయిపోతాయి. తరవాత వచ్చేవి చాలామటుకు మర్యాదస్తుల ఇళ్ళలో జరిగేవే.

మరీ పొట్టి గొలుసుతోగాని, మరీ బరువైన గొలుసుతోగాని జంతువుని అదేపనిగా కట్టివుంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి వుంచే కుక్కని, లేక ఇరుకుచోట బంధించి వుంచే కుక్కని తగినంత తిప్పకపోవడం నేరం. ఈ రెండో మాట చట్టంలో కుక్క పేరు పెట్టి మరీ రాశారు. చాలినంత తిండీ, నీళ్ళూ, నీడా యివ్వకపోవడం నేరం. నిలబడడానికీ, కదలడానికీ చాలని బోనులో పెట్టడం నేరం. తగిన కారణం లేకుండా, ఆకలికో దాహానికో బాధపడే స్థితిలో వదిలిపెట్టి పోవడం నేరం. రోగంతో వున్న దాన్ని వీధిలో చచ్చిపోనివ్వడమూ నేరమే.

చూశారా, చట్టం మీకు కుక్కమీద ప్రేమ వుందా అని అడగడం లేదు. ప్రేమను కొలిచే తూనిక కోర్టులో వుండదు. గొలుసు ఎంత, నీళ్ళు ఎక్కడ, నీడ ఏదీ అని అడుగుతుంది.

“అయితే గొలుసు ఎన్ని అడుగులుండాలో చట్టంలో రాశారా?” అని మీరు అడగవచ్చు. అంకె రాయలేదు. ‘అసమంజసమైనంత పొట్టి’ అని మాత్రమే అన్నారు. ఆ మాటకి ఇంట్లో వాడుకునే అర్థం నేనొకటి చెబుతాను. కట్టేసినచోట కుక్క లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. నీళ్ళ గిన్నె అందాలి. ఎండ పొద్దుటి నుంచి సాయంత్రానికి చోటు మారుతుంది కదా, దాంతోపాటు నీడలోకి జరగగలగాలి. తను మలమూత్రాలు విడిచినచోటికి దూరంగా పడుకోగలగాలి. ఈ నాలుగూ కుదరకపోతే ఆ గొలుసు పొట్టిదే.

నీళ్ళూ నీడా అని పదేపదే ఎందుకంటున్నానంటే, కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చే ఒంటి వేడిని తగ్గించుకోవాలి. మన రోహిణీకార్తె ఎండల్లో డాబామీద గొలుసుతో కట్టేసి, కుటుంబమంతా పగలంతా పెళ్ళికి వెళ్ళిపోతే ఆ వగర్పు చాలదు. వడదెబ్బ మనకే కాదు, దానికీ తగులుతుంది.

తిండి సంగతి. “మేం శాకాహారులం, మజ్జిగన్నమే పెడతాం, తప్పా?” అని కొందరు అడుగుతూ వుంటారు. చట్టం మాంసం పెట్టమనలేదు, చాలినంత పెట్టమంది. వేల ఏళ్ళుగా మనిషి పక్కన బతికిన జంతువు కాబట్టి కుక్క అన్నం అరిగించుకోగలదు. కాని వట్టి మజ్జిగన్నంతో దాని ఒంటికి కావలసిన మాంసకృత్తులు అందవు. గుడ్డు పెట్టడానికి అభ్యంతరం లేకపోతే గుడ్డు, లేకపోతే ఇంకేం కలపాలో పశువైద్యుణ్ణి అడిగి కలపండి. మిగిలిన కూరలూ పులుసులూ దాని గిన్నెలో వంచకండి. ఉల్లిపాయ కుక్కకి విషంలాంటిది, నెత్తురును దెబ్బతీస్తుంది. చాక్లెట్టూ అంతే. ఏడాదికోసారి రేబీస్ టీకా వేయించడం దానికోసమే కాదు, మీ పిల్లల కోసం కూడా.

రాజమండ్రి సోదరికి విడిగా ఒక మాట. అపార్టుమెంటు సంఘాలకి పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు యిచ్చింది. ఆ కాగితం ఒకటి సంపాదించి సంఘం కార్యదర్శిగారికి మర్యాదగా చూపించండి. దానితోపాటు టీకా వేయించిన చీటీ చూపించి, మెట్లమీద మురికి చేస్తే శుభ్రం చేసే పూచీ మాదేనని చెప్పండి. సగం పేచీలు అక్కడే తీరతాయి. రైల్లో కుక్కని తీసుకువెళ్ళడానికి కూడా వీలుంది. మొదటి తరగతి ఏసీ కూపే మొత్తం మీదైతే మీతోనే రావచ్చు, లేకపోతే గార్డు పెట్టెలో దానికి విడిగా చోటుంటుంది. ముందే వెళ్ళి పార్సెలు ఆఫీసులో విచారించండి. ఇవేవీ కుదరకపోతే తెలిసిన ఇల్లు చూసి అప్పగించండి. టామీ అలవాట్లు, టీకా చీటీ, అది పడుకునే గోనెపట్టాతో సహా అప్పగించండి. మీ మరిదిగారికి చెప్పండి: ఎనిమిదేళ్ళు ఇంటి అన్నం తిన్న కుక్కకి హోటలు వెనక ఎంగిలాకులకోసం పోట్లాడడం చేతకాదు. అక్కడి కుక్కలు దాన్ని చేరనివ్వవు. వదిలేసిన రోజున అది మీ వెనక పరుగెత్తుతుంది, తరవాత అదేచోట రోజుల తరబడి కూర్చుంటుంది. చట్టంలో ‘ఆకలిదప్పులతో బాధపడే స్థితి’ అని రాసింది దాన్నే.

ఇక సికింద్రాబాదు పెద్దాయన గుర్రం. నా చిన్నతనంలో ప్రతి రైలుస్టేషను ముందూ జట్కాలు వరసగా నిలబడి వుండేవి. సామాన్లూ పిల్లలూ అమ్మమ్మలూ అందరూ ఒకే జట్కాలో కూరుకుని, బండి వెనక్కి తూగితే ముందుకి జరగండర్రా అని బండివాడు కేకలెయ్యడం నాతోటివారికి గుర్తుండే వుంటుంది. అప్పుడు మాకు అదొక సరదా. ఆ జట్కాలకీ, బరువులు మోసే పశువులకీ 1965లో నియమాలు చేశారు. బండిలో తోలేవాణ్ణీ, ఆరేళ్ళలోపు పిల్లల్నీ మినహాయించి నలుగురికి మించి ఎక్కకూడదు. రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా ఏకబిగిన అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పనిలో పెట్టకూడదు. పొట్టిగుర్రం వీపున 70 కిలోలకి, గాడిద వీపున 50 కిలోలకి మించి బరువు వెయ్యకూడదు.

మన ఊళ్ళలో మే నెలలో 37 డిగ్రీలంటే పొద్దున్నే దాటిపోయే మాట! ఆ నియమాలు రాసినవారు ఎండ ఎరిగినవారే.

గుర్రం చూడడానికి దృఢంగా కనిపిస్తుందిగాని లోపల చాలా సున్నితమైన జీవి. అంత పెద్ద ఒంటికి దాని పొట్ట చిన్నది. కొంచెం కొంచెంగా రోజులో చాలాసేపు మేస్తూ వుండాలి. కడుపులో తేడా చేస్తే వాంతి చేసుకోలేదు. కడుపునొప్పితోనే ప్రాణంమీదికి వస్తుంది. నీళ్ళు రోజుకి 25 నుంచి 40 లీటర్ల దాకా తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. గిట్టలు మన గోళ్ళలాగా పెరుగుతూనే వుంటాయి. ఆరేడు వారాలకోసారి చెక్కించకపోతే నడక పాడవుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మనవాళ్ళు విసుక్కుంటూ అనే సామెత వుంది. చట్టం ఆ సామెతనే తిప్పి విధిగా చెప్పింది. గుడ్డిదైనా, ముసలిదైనా, పని చెయ్యలేనిదైనా దాణా పెట్టవలసిందే.

జట్కాలు పోయాయి, పెళ్ళిగుర్రాలు వచ్చాయి. బొంబాయిలో షికారు తిప్పే విక్టోరియా బళ్ళు చట్టవిరుద్ధమని అక్కడి హైకోర్టు 2015లో తీర్పు చెప్పింది. పెళ్ళిగుర్రం మాట అలా కాదు. దాన్ని ఎవరూ మొత్తంమీద నిషేధించలేదు. కాని పుండు పడ్డదాన్ని, కుంటుతున్నదాన్ని, జబ్బుగా వున్నదాన్ని, వయసు మీరి శక్తి లేనిదాన్ని ఏ పనిలో పెట్టినా పదకొండో సెక్షను కిందికి వస్తుంది. ముళ్ళూ బుడిపెలూ వున్న కళ్ళెం వాడకూడదని 1965 నియమాలు స్పష్టంగా అన్నాయి. స్వారీకి కూడా అది వర్తిస్తుంది. జీను గుర్రం మెడమొదట్లో ఎముకమీద నేరుగా ఒత్తుకోకుండా సందు వుండాలని కూడా రాశారు. తాతగారు చూసిన నెత్తురు ఆ ముళ్ళ కళ్ళెందే అయివుంటుంది. ఇంకో సంగతి. ‘పనిలో పెట్టినవారు’ అని చట్టం అంటుంది. గుర్రం మాది కాదు, మేం అద్దె మాత్రమే యిచ్చాం అని మనం చేతులు దులుపుకోగలమా అన్నది ఆలోచించవలసిన మాటే.

అంచేత పెళ్ళిపనులు చూసే మగవాళ్ళకి నాదొక సలహా. బ్యాండువారికి బయానా యిచ్చేముందు వారి వాయింపు విని చూస్తారు కదా. గుర్రానికి బయానా యిచ్చేముందు గుడ్డ ఎత్తి వీపు చూడండి. నోటి మూలలు చూడండి. నాలుగడుగులు నడిపించి కుంటుతోందేమో చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా వుంటే ఆ గుర్రం వద్దనండి. ఊరేగింపు దగ్గర ఒక బకెట్టు నీళ్ళు సిద్ధంగా వుంచండి. దాని చెవిదగ్గర బాణాసంచా కాల్చనివ్వకండి. బెదిరిన గుర్రం వీపుమీద వుండేది మీ ఇంటి పిల్లాడే.

ఇంతకీ ఈ నేరాలకి శిక్ష ఎంత? ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటిసారి తప్పుకి 10 రూపాయలకి తగ్గకుండా 50 రూపాయల దాకా జరిమానా. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయల దాకా జరిమానాగాని, మూడు నెలల దాకా జైలుగాని, రెండూగాని. ఇవాళ యాభై రూపాయలకి రెండు కాఫీలు కూడా సరిగ్గా రావు. జరిమానాలు పెంచాలని 2022లో కేంద్రప్రభుత్వం ఒక ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయాలు అడిగింది. జంతువుని చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చెయ్యడం మాత్రం వేరే చట్టం కిందికి వస్తాయి. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో దానికి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష వుంది.

అయితే యాభై రూపాయల చట్టం కదా అని తీసిపారెయ్యకండి. యజమానిమీద నేరం రుజువైతే, మళ్ళీ అలాగే హింసిస్తాడని తోచినప్పుడు జంతువుని అతనినుంచి తీసేసుకునే అధికారం కోర్టుకి వుంది. ఇకమీద ఏ జంతువునీ పెంచకూడదని ఆంక్ష పెట్టే అధికారం కూడా వుంది. బండిగుర్రంతో బతికేవాడికి అది యాభై రూపాయల మాట కాదు. 2014లో సుప్రీంకోర్టు, తమిళనాడు జల్లికట్టు కేసులో, జంతువులకి అయిదు విషయాలనుంచి విముక్తి వుండాలనే సూత్రాన్ని ఈ చట్టంలోని మూడు, పదకొండు సెక్షన్లలో భాగంగా చదువుకోవాలన్నది. ఆకలిదప్పులు, భయం, ఎండావానల యిబ్బంది, నొప్పీ రోగమూ, తన సహజప్రవర్తనకి అడ్డంకి, ఇవీ ఆ అయిదు. తరవాత రాష్ట్రాలు చేసుకున్న సవరణలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆమోదించడంతో జల్లికట్టు కథ మరో దారి పట్టింది. అయినా ఇంట్లో కుక్కనో, కొట్టంలో గుర్రాన్నో పెంచేవారికి ఆ అయిదు మాటలూ వేళ్ళమీద లెక్కపెట్టుకోవడానికి బాగుంటాయి.

ఫిర్యాదు చెయ్యదలుచుకున్నవారు ఒక గడువు గుర్తుంచుకోవాలి. నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు పెట్టాలి. తేదీ, చోటు, వేళ రాసిపెట్టుకోండి. ఫోనులో ఫొటో తియ్యండి. పోలీసు స్టేషనులో కాగితం రాసివ్వండి. ప్రతి జిల్లాలోనూ జీవహింస నివారణ సంఘం వుండాలని 2001 నియమాలు చెబుతున్నాయి. మీ జిల్లాలో అది ఎక్కడుందో పశువైద్యశాలలో అడగండి. అన్నిటికంటే ముందు యజమానితో ఒకసారి మంచిమాటగా చెప్పి చూడండి. చాలాసార్లు అక్కడ కనిపించేది దుర్మార్గం కాదు, తెలియకపోవడం. పొట్టి గొలుసు విప్పి పొడుగు తాడు కట్టించడానికి కోర్టు అక్కర్లేదు.

సికింద్రాబాదు తాతగారూ, మీరు గుడ్డ ఎత్తి చూడడం గొడవ కాదు. ఆ పందిట్లో అంతమంది వుండగా చూసినవారు మీరొక్కరే. మీ యింట్లో తరవాతి పెళ్ళికి గుర్రాన్ని చూసి కుదిర్చే పని మీరే పుచ్చుకోండి. రాజమండ్రి సోదరీ, సంఘం కార్యదర్శిగారు ఏమన్నారో, టామీ రైలెక్కిందో లేదో తప్పకుండా రాయండి. మిగిలిన పాఠకులందరూ ఈ పేజీ మడిచిపెట్టాక ఒకసారి పెరట్లోకి వెళ్ళి గిన్నెలో నీళ్ళున్నాయో లేవో చూసి రండి.